దయ్యం ఆటకూ బాణామతికీ ముడిపెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో వీడియో గేముల మీద వచ్చిన వ్యాసం చదివాను. పిల్లలు రాత్రిళ్లు దయ్యాల ఆటలు ఆడుతున్నారు, మూఢనమ్మకాలు పెరుగుతున్నాయి, అప్పులపాలై ప్రాణాలు తీసుకుంటున్నారు అని అన్నిటినీ ఒకే గాటన కట్టి రాశారు. పైన వేసిన బొమ్మలో ఒకవైపు రమ్మీ ముక్కలు, ఇంకోవైపు చీకట్లో పాడుబడ్డ ఇల్లు. రమ్మీ సంగతి వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన తెలంగాణ రాష్ట్రం 2017లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది, అది జూదం, దాని మీద మీరు ఎంత రాసినా తక్కువే. కానీ ఆ పాడుబడ్డ ఇంటి ఆటను దాని పక్కన పెట్టడం మాత్రం తప్పు. అలాంటి ఆట ఒకటి ఈ ఎండాకాలంలో మా ఇంట్లో నడిచింది, మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చుని చూశాను, ఆ చూసినదాన్ని బట్టే రాస్తున్నాను.

నాది దేవరకొండ. విత్తనాలు, ఎరువుల దుకాణం. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాడు. ఒక రాత్రి కరెంటు పోయి వస్తే వాడి గదిలోంచి వెలుతురు కనిపించి వెళ్లాను. లాప్‌టాప్‌లో ఒక అడవి, రైలు పట్టాలు, పట్టాల పక్కన శవం. మీ వ్యాసం రాసినాయన భయపడ్డట్టే నేనూ భయపడ్డాను, ఆపెయ్యమన్నాను. వాడు ఆపలేదు. "డాడీ, ఒక్క పది నిమిషాలు కూసోని చూడు, నచ్చకపోతే బంద్ చేస్త" అన్నాడు. కూర్చున్నాను.

ఆట పేరు ది వానిషింగ్ ఆఫ్ ఈథన్ కార్టర్. 2014లో వచ్చింది. తయారు చేసింది పోలండ్‌లోని ది ఆస్ట్రోనాట్స్ అనే చిన్న స్టూడియో. అంతకుముందు తుపాకీ ఆటలు చేసిన కంపెనీలోంచి బయటికొచ్చిన ముగ్గురు కలిసి 2012లో పెట్టుకున్నారట. ఈ ఆటలో మన చేతిలో తుపాకీ ఉండదు. పాల్ ప్రాస్పెరో అనే డిటెక్టివ్ ఉంటాడు, మామూలు కంటికి కనపడనివి చూడగల మనిషి. ఈథన్ అనే పిల్లవాడి నుంచి అతనికి ఉత్తరం వస్తుంది. పిల్లవాణ్ణి వెతుక్కుంటూ రెడ్ క్రీక్ అనే లోయకు పోతే అక్కడ పిల్లవాడు లేడు, ఊళ్లో జనం లేరు, ఒక్కో చోట ఒక్కో హత్య జరిగిన గుర్తులున్నాయి. చెయ్యి పట్టుకుని దారి చూపించే ఆట కాదని మొదట్లోనే చెప్పేస్తుంది. బాణం గుర్తులు లేవు, ఇటు పో అటు పో అని చెప్పేవాళ్లు లేరు.

నన్ను కూర్చోబెట్టింది దయ్యం కాదు, ఆ విచారణ చేసే పద్ధతి. శవం దొరికిన చోట చుట్టుపక్కల వెతకాలి. ఒక తాడు, నెత్తురంటిన రాయి, బండికి ఉండాల్సిన పిడి. ఏ వస్తువు ఎక్కడి నుంచి కదిలిందో పట్టుకోవాలి, అక్కడికి తీసుకుపోయి పెట్టాలి. అన్నీ కుదిరాక శవాన్ని తాకితే ఆ రోజు జరిగిన సంగతులు నీలం రంగు నీడల్లాగా అక్కడొకటి ఇక్కడొకటి నిలబడతాయి. ఇద్దరు కొట్లాడుతున్న నీడ ఒకచోట, పరుగెత్తుతున్న నీడ ఇంకోచోట. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని మనం వరసగా నంబర్లు వేయాలి. వరస తప్పితే కథ నడవదు, మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవాలి. వరస సరిపోతేనే ఎవరు ఎవరిని ఏం చేశారో మొత్తం కళ్లముందు జరుగుతుంది. అంటే ఎవరు చంపారన్నది అన్నిటికంటే చివర తెలుస్తుంది. ముందుగా ఒకరి పేరు చెప్పి తర్వాత సాక్ష్యం వెతుక్కునే వీలే ఆ ఆటలో లేదు.

మావాడు రెండోచోట మూడుసార్లు వరస తప్పాడు. నేను పక్కనుంచి "వాడే చంపిండురా, మొఖం చూస్తెనే తెలుస్తలేదా" అన్నాను. "మొఖం చూసి ఎట్ల చెప్తవ్ డాడీ, గా దీపం ఇక్కడికి ఎట్ల వచ్చిందో చెప్పు ముందు" అన్నాడు. ఆ మాటకు నాకు మా ఊరు గుర్తొచ్చింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా ఊళ్లో ఒకే వారంలో నాలుగు బర్రెలు చచ్చిపోయాయి. సాయంత్రం బాగానే ఇల్లు చేరినవి ఉన్నట్టుండి కాళ్లు తన్నుకుని, నురగ కక్కి, గంటలోపల పడిపోయాయి. తోలు తీసేటప్పుడు చూస్తే నెత్తురు మామూలుగా కాకుండా ఎర్రెర్రగా కుంకుమ కలిపినట్టు ఉందన్నారు. ఇంకేం కావాలి, బాణామతి అన్నారు. మా వాడకట్టు చివర ఒంటరిగా ఉండే ఒక ముసలామె పేరు ఆ రాత్రే బయటికొచ్చింది. ఆమె ఎవరితోనూ కలవదు, అమాస నాడు చెరువుగట్టు మీద కనపడ్డది, మూడేళ్ల కింద ఆమె ఎవరినో బర్రె పాలు అడిగితే వాళ్లు పోయలేదు, ఇవీ సాక్ష్యాలు. మా అవ్వ నన్ను దగ్గరికి లాక్కుని "ఆమె ఇంటి మొఖాన పోకు బిడ్డా" అన్నది. నేను పోలేదు. ఆమె ఇంటిమీద రాళ్లు పడుతున్న చప్పుడు మాత్రం విన్నాను.

ఐదో బర్రె పడ్డప్పుడు ఎవరో సైకిల్ మీద పోయి దేవరకొండ నుంచి పశువుల డాక్టరును తీసుకొచ్చారు. ఆయన మంత్రాల మాట ఎత్తలేదు, ముసలామె ఎవరో కూడా అడగలేదు. బర్రె కనురెప్ప లాగి చూశాడు, నోరు వాసన చూశాడు, బర్లు కాసే పిల్లగాణ్ణి పిలిచి "ఇయ్యాల పొద్దుగూకే ముందు ఏ చెల్కలోకి దోలినవ్" అని ఒక్కటే ప్రశ్న అడిగాడు. పిల్లగాడు ఏడ్చాడు. చింతచెట్టు కింద నిద్రపోయాడు, బర్లు పక్కనే కోసిన జొన్న చెల్కలో పడి మోళ్లకు వచ్చిన పిలకలు మేశాయి, తంతారని ఎవరికీ చెప్పలేదు. నాము. ఈ మాట మా ఊళ్లో ముసలివాళ్ల నుంచి చిన్నపిల్లల దాకా తెలియనివాళ్లు లేరు. లేత జొన్న పిలకల్లో, అందులోనూ వానల్లేక ఎండినప్పుడు, విషం ఎక్కువుంటుంది, పశువు కడుపులోకి పోయాక సైనైడ్ బయటికొస్తుంది, నెత్తురులో ప్రాణవాయువు ఉన్నా ఒళ్లు దాన్ని వాడుకోలేక పశువు పడిపోతుంది, అందుకే నెత్తురు అంత ఎర్రగా కనిపిస్తుంది. ఊరంతా ఏ గుర్తును చూసి బాణామతి అన్నదో డాక్టర్ అదే గుర్తును చూసి విషం పేరు చెప్పాడు. హైపో సూది వేశాడు, ఐదో బర్రె బతికింది.

నాము సంగతి అందరికీ తెలిసి కూడా ఎవరూ ఎందుకు అడగలేదు అని ఇప్పటికీ ఆలోచిస్తాను. పేరు ముందే దొరికింది కాబట్టి అడగలేదు. ముసలామె పేరు ఒకసారి బయటికొచ్చాక, బర్లు ఎక్కడ మేశాయి అన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు. సంగతి తెలిశాక కూడా ఎవరూ ఆమె ఇంటికి పోయి తప్పయిందని చెప్పలేదు. ఆ నెలలోనే ఆమె మాల్ అనే ఊరి దగ్గర బిడ్డ ఇంటికి పోయింది, మళ్లీ రాలేదు.

ఇది ఎప్పటి సంగతో అనుకోవద్దు. బాణామతి చేస్తున్నారని చెట్టుకు కట్టేసి కొట్టారు, పళ్లూడగొట్టారు అన్న వార్తలు మీ పత్రికలోనే ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. పాలమూరు పల్లెల్లో, మా దేవరకొండ తండాల్లో జ్వరం వస్తే ఇప్పటికీ "గాలి సోకింది" అనే మాట డాక్టరు కంటే ముందు వస్తుంది. ఆ మాట అనేవాళ్లెవరూ వీడియో గేములు ఆడినవాళ్లు కాదు. మీ వ్యాసంలో కారణం అనుకున్నది ఇక్కడ కారణమే కాదు, ఇది చాలా పాత జబ్బు. దయ్యం కథ వినడం వల్ల రాలేదు ఈ జబ్బు. దయ్యం పేరు చెప్పగానే విచారణ ఆపేసే అలవాటు వల్ల వచ్చింది. ఈ ఆటలో దయ్యం కనపడ్డ తర్వాతే విచారణ మొదలవుతుంది. నా వాదన మొత్తం ఇంతే, మిగిలినదంతా దీన్ని గురించే.

ఇంకో ఆట గురించి కూడా చెప్పాలి. పారానార్మసైట్ అని జపాన్ ఆట, 2023 మార్చిలో స్క్వేర్ ఎనిక్స్ అనే పెద్ద కంపెనీ తెచ్చింది. టోక్యోలో సుమిదా అనే ప్రాంతం, అందులో హోంజో అనే పాత పేట, ఆ పేట గురించి ఎడో అనే పాత కాలం నుంచి చెప్పుకునే ఏడు వింతలు, వాటి చుట్టూ అల్లిన మిస్టరీ అది. ఆ వింతలు మావాడు చెప్తుంటే మా అవ్వ చెప్పినట్టే ఉన్నాయి. సాయంత్రం చేపలు పట్టుకుని ఇంటికి పోతుంటే కాలువలోంచి "పెట్టి పో, పెట్టి పో" అని గొంతు వినపడుతుంది, ఇంటికి పోయి చూస్తే బుట్ట ఖాళీ. రాత్రి నడిచేవాడికి ముందు ఒక లాంతరు కనపడుతుంది, ఎంత నడిచినా అందదు. మన చెల్కల్లో కొరివిదయ్యం అని చెప్పుకునేది ఇంచుమించు ఇదే కదా, దూరంగా దివిటీ వెలుగుతూ ఆరుతూ పోతుంటుంది, దాని వెంట పోయినవాడు తెల్లారేదాకా తిరుగుతూనే ఉంటాడు. వాళ్లు ఒక పేటలో ముసలివాళ్లు చెప్పుకునే ఏడు ముచ్చట్లను తీసుకుని, ఆ పేట వీధులను, వంతెనలను బొమ్మల్లో చూపించి, లోకమంతా ఆడే ఆట చేశారు. ఎక్కడో అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న పిల్లవాడికి ఇవాళ హోంజో పేరు తెలుసు. పానగల్లు పేరు హైదరాబాద్ పిల్లవాడికి తెలియదు.

పానగల్లు పేరు ఊరికే ఎత్తలేదు. ఆట అయిపోయిన వారానికి మావాడే అడిగాడు, "డాడీ, నల్లగొండ దగ్గర నీడ గుడి ఉన్నదంట కదా, పోదామా" అని. ఇన్నేళ్లుగా నల్లగొండకు సరుకు కోసం తిరిగేవాణ్ణి, పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయంలో ఒక్కసారి దండం పెట్టుకుని వచ్చానే తప్ప నిలబడి చూడలేదు. మీ పాఠకుల్లో తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. కందూరు చోడుల కాలపు గుడి, వెయ్యేళ్ల నాటిదంటారు, మూడు గర్భగుడులున్న త్రికూటాలయం, పక్కనే ఉదయసముద్రం చెరువు. ఒక గర్భగుడిలో లింగం వెనకాల గోడ మీద స్తంభం ఆకారంలో నీడ పడుతుంది. పొద్దున పడుతుంది, మధ్యాహ్నం పడుతుంది, సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోయినా నీడ మాత్రం కదలదు. అది దేవుడి మహిమ అని చెప్పుకుంటారు, అలా నమ్మేవాళ్ల భక్తిని నేను తక్కువ చేయను, నేనూ దండం పెట్టుకున్నాను.

మావాడు మాత్రం ఆ ఆటలో చేసినట్టే చేశాడు. పొద్దున తొమ్మిదింటికి పోయాం, సాయంత్రం దాకా ఉన్నాం. గంటకోసారి ఒకే చోట నిలబడి ఫొటో తీశాడు. ఒక్కో స్తంభం దగ్గరికి పోయి "ఇది దీని నీడేనా" అని కొలుచుకున్నాడు, ఏ ఒక్క స్తంభానికీ ఆ నీడ సరిపోలేదు. చివరికి వాడే బయట మెట్ల మీద కూర్చుని కాగితం మీద గీసి చెప్పాడు. ఎండ నేరుగా వచ్చి పడితే నీడ కదలాలి, ఇక్కడ లోపలికి వచ్చేది నేరుగా వచ్చే ఎండ కాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురు, గోడకు అటూ ఇటూ వెలుతురు అందుతుంది, నడుమ మాత్రం స్తంభాలు కలిసి అడ్డం పడతాయి, అందుకే ఆ నడుమ చీకటి పట్టీ ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది. ఇంటికొచ్చాక వెతికితే భౌతికశాస్త్రం చెప్పే వాళ్లు ఇంచుమించు ఇదే చెప్పారని తెలిసింది. నాకు ఆ గుడి మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది. వెయ్యేళ్ల కింద ఏ పరికరాలూ లేకుండా వెలుతురును రాయిలో అంత లెక్కగా నిలబెట్టిన శిల్పి ఎవరో, ఆయన పేరు కూడా మనకు మిగల్లేదు.

ఇప్పుడు చెప్పండి, ఆ గుడిలో మొదలయ్యే ఒక డిటెక్టివ్ ఆట తెలుగులో ఉంటే ఎట్లా ఉంటుంది? కదలని నీడ ఒకరోజు కదిలింది, ఎందుకు కదిలింది అన్న ప్రశ్నతో మొదలుపెట్టొచ్చు. మన దగ్గర చోట్లకు తక్కువ లేదు. మా దేవరకొండ కోట ఉంది, రాచకొండ ఉంది, రెండూ రేచర్ల వెలమ రాజుల కోటలు. పాలమూరులో పిల్లలమర్రి ఉంది, ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే మర్రి, 2018లో చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే మనిషికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు, ఆ చెట్టు కింద నిలబడితే ఏ కథ రాసేవాడికైనా ఒళ్లు జలదరిస్తుంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వస్తున్నాయని కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. గుడులు తరలించారు, ఊళ్లను తరలించలేదు, అవి నీళ్ల కిందే ఉన్నాయి. కృష్ణలో నీళ్లు తగ్గిన ఏడాది బయటపడే గోడలు చూసి తమ ఇల్లు ఎక్కడుండేదో చూపించే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. మిస్టరీకి ఇంతకంటే ఏం కావాలి.

పోలండ్ వాళ్లు ఆ అడవిని, గోడలను, రాళ్లను కంప్యూటర్‌లో ఊరికే గీయలేదు. నిజమైన రాళ్లను అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, ఆ ఫొటోలనే కలిపి రూపం చేశారు, దాన్ని ఫొటోగ్రామెట్రీ అంటారట. అందుకే గోడ మీద నాచు కూడా తాకితే చేతికి అంటేట్టు ఉంది. బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డు 2015లో కొత్తదనానికి గాను ఈ ఆటకే వచ్చింది. అదే పద్ధతిలో పానగల్లు స్తంభాలను ఫొటోలు తీస్తే ఆటకు ఆటా అవుతుంది, రేపు ఆ శిల్పాలకు ఏమైనా అయితే వాటి రూపం మిగిలి ఉన్నట్టూ అవుతుంది. హైదరాబాద్‌లో గేములు తయారు చేసే కంపెనీలున్నాయి, రాష్ట్రానికి 2016 నుంచి యానిమేషన్, గేమింగ్ కోసం ఒక విధానమే ఉంది. పనిచేసే చేతులున్నాయి. మన కథ అడిగేవాళ్లే లేరు.

మీ వ్యాసంలో ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. ఇవి చిన్నపిల్లల ఆటలు కావు. ఈథన్ కార్టర్‌లో హత్యలున్నాయి, శవాలున్నాయి, ఒకటి రెండు చోట్ల నేనే ఉలిక్కిపడ్డాను. పదేళ్ల పిల్లవాడికి ఇచ్చి పక్కకు పోవద్దు. ఇంటర్ చదివే పిల్లవాడైనా ఒక్కడూ తలుపేసుకుని కాకుండా ఇంట్లోవాళ్లు పక్కన ఉంటే బాగుంటుంది, ఆట నాలుగైదు గంటల్లో అయిపోతుంది, మేం నాలుగు రాత్రులు చూశాం. ముగింపు ఏమిటో చెప్పను, ఆడబోయేవాళ్లకు అన్యాయం అవుతుంది. ఆ దయ్యాలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో తెలిశాక మావాడూ నేనూ చాలాసేపు మాట్లాడుకోలేదని మాత్రం చెప్తాను. తెలుగులో లేకపోవడం పెద్ద లోటు, ప్రతి ఉత్తరాన్నీ వాడు చదివి నాకు తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

చివరగా మీ పత్రికకే ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. ఆ వ్యాసం వచ్చిన రోజే రెండు పేజీల తర్వాత, ఏడో పేజీలో, చిన్న ప్రకటనల్లో వశీకరణం, చేతబడి నివారణ, కేరళ మంత్రం, ఇరవై నాలుగు గంటల్లో ఫలితం అని నాలుగు ప్రకటనలున్నాయి, అన్నిటికీ ఫోన్ నంబర్లున్నాయి. మంత్రాలతో, తాయెత్తులతో రోగాలు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మూఢాచారాల మీద ప్రత్యేకంగా చట్టాలు చేసుకున్నాయి. మన పిల్లలను పాడుచేసేది ఏది అని వెతికేటప్పుడు, మావాడి లాప్‌టాప్ కంటే ముందు ఆ ఏడో పేజీ చూడండి. ఆ ముసలామె ఇంటిమీద రాళ్లు వేసినవాళ్లు ముందుగా పోయి అడిగింది కూడా ఇట్లాంటి ఒక మంత్రగాణ్ణే, పేరు చెప్పింది ఆయనే.

ఆ ప్రకటనలు ఆపండి. కొత్త సినిమా వస్తే ఎట్లా రాస్తారో మంచి ఆట వచ్చినప్పుడు దాని గురించి కూడా అట్లా రాయండి, జూదం ఆటలను వేరే పేజీలో తిట్టండి. మావాడు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా గంటకొకటి చొప్పున తీసిన తొమ్మిది ఫొటోలు, వాడు గీసిన కాగితం నా దగ్గరున్నాయి. మీ ఆదివారం సంచికకు కావాలంటే పంపుతాను, డబ్బులేం వద్దు, ఫొటోల కింద టైము మాత్రం తప్పకుండా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా